మార్జిన్‌లో మా అక్క

మనుషుల గురించి, వాళ్ళ తీరుతెన్నుల గురించి రాసిన పుస్తకాలంటే నాకు పిచ్చి. అలాగని వాటి మీద గౌరవమేమీ లేదు. పదింట ఎనిమిది పుస్తకాలు ఒక్క మాటని పట్టుకుని మూడొందల పేజీలు సాగదీస్తాయి. రాసినాయన నలభై మంది కాలేజీ పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలడుగుతాడు. వాళ్ళు నోటికొచ్చింది చెప్తారు. ఇక మనుషులంతా ఇంతే అని తేల్చేస్తాడు. నేను కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో పదహారేళ్ళుగా కూర్చుంటున్నాను. రెండు గంటలు కరెంటు పోతే పెద్దమనుషులు ఎంత చిన్నమాటలంటారో ఆయనకేం తెలుసు?

అందుకే పెన్సిల్ లేకుండా చదవను. నాకు నచ్చని చోట పక్కన 'అబద్ధం' అని రాస్తాను. నచ్చిన చోట ఆ మాట ఎవరికి సరిపోతుందో రాస్తాను. మా సూపర్‌వైజరు, ఎదురింటావిడ, మా బావ. అందరికన్నా ఎక్కువసార్లు కనబడేది మా అక్క.

అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది. ఇప్పుడు నాకు నలభై నాలుగు. వేరే వీధిలో, నా అద్దె ఇంట్లో నేనుంటాను. అయినా అన్నం క్యారేజీ రోజూ అక్క ఇంటినుంచే వస్తుంది. మబ్బు పడితే చాలు, ఆఫీసుకి ఫోన్ చేసి గొడుగు తెచ్చుకున్నావా అని అడుగుతుంది. ఆ ఫోన్ పక్క సీటావిడ ఎత్తిన రోజు నాకు తల కొట్టేసినట్టుంటుంది.

పోయిన నెల అక్కకి కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ముందునుంచీ మసకే. కట్టు కట్టి, కొన్నాళ్ళు చదవొద్దు, టీవీ చూడొద్దు అన్నారు.

"ఏదైనా పుస్తకం ఉంటే ఇవ్వవే, మీ బావ చదివి పెడతారు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది" అంది.

నా దగ్గర కథల పుస్తకాలు లేకపోలేదు. కానీ నేను కావాలనే ఏరి ఒకటిచ్చాను. అందులో ఆరో అధ్యాయమంతా అడగకుండా సాయం చేసేవాళ్ళ గురించే. వింటే కాస్త నన్ను వదిలిపెడుతుందని ఆశ. పక్కన నా పెన్సిల్ రాతలున్న సంగతి గుర్తుంది. అచ్చు వదిలేసి వాటినెవరు చదువుతారులే అనుకున్నాను. చెరపడానికి బద్ధకించాను.

బావ ఏం పని చేసేవాడో మాత్రం ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో, ప్రూఫులు దిద్దేవాళ్ళ పక్కన కూర్చుని అసలు ప్రతిని పైకి చదివేవాడు. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పలకాలి. అర్థం వైపు మనసు పోతే తప్పులు జారిపోతాయి కాబట్టి అర్థం జోలికి పోకూడదు. మార్జిన్‌లో ఎవరైనా ఏదైనా రాస్తే దాన్ని వాక్యంలో కలిపే చదవాలి. అది వదిలేస్తే ఉద్యోగానికే ఎసరు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పులు విడుస్తుంటే బావ గొంతు వినబడింది. సాగదీయకుండా, ఊపిరి సరిగ్గా తీసుకుంటూ చదువుకుపోతున్నాడు.

"అడగకుండా సాయం చేసేవాళ్ళలో చాలామంది, కామా, ఎదుటివాళ్ళ మీద పట్టు కోసమే ఆ పని చేస్తారు, ఫుల్‌స్టాప్. అచ్చం మా అక్క, ఫుల్‌స్టాప్. పెట్టి పెట్టి మనిషిని నోరెత్తనివ్వదు, ఆశ్చర్యార్థకం, ఇంకో ఆశ్చర్యార్థకం. కొత్త పేరా."

రెండో చెప్పు విడవకుండానే గుమ్మంలోకి వచ్చేశాను.

"ఆగండి" అంది అక్క. "అది పుస్తకంలో ఉందా?"

"ఉంది. పక్కన పెన్సిల్‌తో ఉంటే లైన్లో కలిపాను."

"ఎవరి అక్క?"

బావ పేజీ వంక చూశాడు. తనేం చదివాడో అప్పుడు తలకెక్కినట్టుంది. తలెత్తేసరికి గుమ్మంలో నేనున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఎవరొచ్చారు? చెల్లేనా? అక్కడే నిలబడ్డావేమే, లోపలికి రా" అంది అక్క.

క్షమించమని అడగాల్సిన చోటది. నా నోటికొచ్చింది మాత్రం వేరు.

"అది పాత పుస్తకాల షాపులో కొన్నానక్కా. ముందు ఎవరిదో. వాళ్ళే ఏదో రాసుకున్నారు."

నా రాత బావకి బాగా తెలుసు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. అరిచినా బాగుండేది.



"పాపం, ఆ అక్కెవరో. ఆవిడకి తెలిసుండదు" అంది అక్క.

నిలబడ్డచోటే కుంగిపోయాను. ఇన్ని పుస్తకాలు చదివాను, ఊళ్ళోవాళ్ళందరినీ మార్జిన్లకి ఎక్కించాను. 'ఇది నేనే' అని ఒక్కచోట రాసుకోలేదు. పిరికివాళ్ళ గురించి, అబద్ధాలకోరుల గురించి అధ్యాయాలకి అధ్యాయాలు చదివినదాన్ని, అక్కడ కూడా మా సూపర్‌వైజర్నే రాశాను.

బావ వంట చేసి బల్ల మీద సర్ది ఉంచాడు. అక్క గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించబోతే, "నడవగలనులే" అంది మెల్లగా. బల్ల దగ్గరికి వెళ్ళి, కంచాలు తడిమి చూసుకుని, నేనున్న వైపు తిరిగింది.

"తింటావా?"

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అక్క నన్ను ఆ మాట అడగలేదు. "కూర్చో, తిను" అనేది, అంతే. ఆ అడగడంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని అడిగినంత మర్యాదగా అడిగింది.

"తింటానక్కా."

"ఎంత పెట్టమంటావు?"

గరిటె పట్టుకుని నా జవాబు కోసం ఆగింది.  అన్నం నేనెంత తింటానో నాకు తెలియదు. అదెప్పుడూ అక్కే చూసుకునేది.