అట్ట మీది టీచరు

ఒనిచా ఊరి బజారులో పుస్తకాల కొట్ల వరుస దగ్గర ఉజోమాకా ఆగిపోయింది. తాళ్లకు వేలాడుతున్న పుస్తకాల మీద తన ముఖమే ఉంది. టీచరు ట్రైనింగ్ పూర్తయిన రోజున స్టూడియోలో తీయించుకున్న ఫొటో. కింద ఎర్రటి అక్షరాలు: 'చదువుకున్న పిల్లను నమ్మితే చస్తావు'.

దాన్ని ఆమె చూడటం రెండోసారి. ఆమె పనిచేసే బడిని నడిపే ఫాదర్ పొద్దున పిలిపించి, అదే పుస్తకాన్ని వేలి కొసతో ఆమె వైపు తోశాడు. హెడ్‌మిస్ట్రెస్ పదవి ఆమెకే అనుకున్నామని, సోమవారానికల్లా ఈ పుస్తకం బజారులో లేకుండా పోకపోతే పదవే కాదు, ఉద్యోగమూ ఉండదని చెప్పాడు. ఫొటో తాను ఇవ్వలేదంటే, ఆ మాట పిల్లల తండ్రులకు చెప్పుకోమన్నాడు.

ఆ పుస్తకం వేసిన అచ్చాఫీసు ఆ వరుస వెనకే. ఆమె లోపలికి వెళ్లింది. యజమాని అనెనె కుర్చీలోంచి లేవలేదు. స్టూడియోవాడు పారేసిన ఫొటోల్లోంచి ఏరుకున్నానని, బజారులో అందరూ చేసేదే తనూ చేశానని అన్నాడు.

"కథలో పిల్ల పేరు మీది కాదు, ఊరు మీది కాదు. ముఖం ఒక్కటే మీది. బాగుందనే వేశాను, సంతోషించండి మేడమ్ గారూ."

"ఆ పిల్ల మొగుడికి విషం పెడుతుంది."

"మొగుడికి కాళ్లు ఒత్తితే ఎవడు కొంటాడండీ? కోర్టుకెళ్లండి. తీర్పు వచ్చేలోపు మళ్లీ అచ్చేస్తాను."

మెషీను దగ్గరి మనుషులు పగలబడి నవ్వారు.

ఆమె కోర్టుకు వెళ్లలేదు. నది వైపున్న బట్టల వరుసకు వెళ్లింది. చనిపోయేదాకా తల్లి అక్కడే బట్టలమ్మింది. ఆ వరుస ఆడవాళ్లు ఒక మగవాడి మీద 'కూర్చోవాలి' అనుకుంటే, రోకళ్లు పట్టుకుని వాడి గుమ్మం ముందు చేరతారు. వాడి బండారమంతా పాటకట్టి పాడతారు. వాడు దిగొచ్చేదాకా కదలరు. వాళ్ల మీద చెయ్యెత్తే మగాడు ఒనిచాలో లేడు. ఉజోమాకా అడిగింది అదే.

ఆ వరుసకు పెద్దయిన అకువబాత ముందు కథేమిటో చెప్పమంది. అక్కడ ఎవరికీ చదువు రాదు. ఉజోమాకా చెప్పింది. వాళ్లూ నవ్వారు. తన మేనకోడలు కాలేజీకి వెళ్లొచ్చాక నడుం వంచి దణ్ణం పెట్టడమే మానేసిందని ఒకామె అంది.

"మా పిల్లకీ నా చేతి వంట కంపు కొడుతోంది. వాడు రాసినదాంట్లో అబద్ధమేముంది బిడ్డా?" అంది అకువబాత. "మీ అమ్మ పోయాక ఈ వరుసలో ఎన్నిసార్లు కాలు పెట్టావు నువ్వు?"

ఉజోమాకా వెళ్లిపోబోయింది. అంతలో ఆగి, బట్టల మూట మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వాళ్ల భాషలోకి మార్చి గట్టిగా చదవసాగింది. మొదటి పేజీలకు నవ్వులు. తర్వాత కథలోకి పిల్ల తల్లి వచ్చింది. బట్టలమ్మే మనిషి. గుడ్డ తక్కువ కొలుస్తుంది. కూతుర్ని ముసలి షావుకారు దగ్గరికి తనే పంపుతుంది. అల్లుడికి విషం తెచ్చిచ్చేదీ ఆవిడే.

నవ్వులు ఆగిపోయాయి.

"ఏ వరుస అని రాశాడు?"

"నది వైపు వరుస."

అకువబాత ఆమెను నమ్మలేదు. దారినపోయే లారీ గుమాస్తాను పిలిచి అదే పేజీ చదవమంది. అతను తల వంచుకుని, నత్తినత్తిగా అదే చదివాడు.

శనివారం పొద్దున్నే రోకళ్లు కదిలాయి. అనెనె నవ్వుతూ బయటికొచ్చాడు, అకువబాతను చూసి తలుపేసుకున్నాడు. కొనడానికొచ్చినవాళ్లు వెనక్కి తిరిగారు. మధ్యాహ్నానికి అతని పెళ్లామే వంటింట్లోంచి రోకలి తెచ్చుకుని వాళ్లలో కలిసింది. ఆదివారం సాయంత్రం అనెనె కట్టలన్నీ వీధిలోకి మోసుకొచ్చి, తన చేత్తోనే చింపాడు.

"నీకోసం రాలేదు టీచరమ్మా," అంది అకువబాత. "మా కొలత దొంగదన్నాడు, వచ్చాం. ఇంకోసారి పిలవకు."

సోమవారం ఫాదర్ కుర్చీ చూపించలేదు. పుస్తకం పోయింది నిజమే కానీ, రోకళ్ల గుంపును వెంటేసుకు తిరిగే మనిషిని ఆ పదవిలో ఎలా కూర్చోబెట్టాలని అడిగాడు.

ఉజోమాకా కిటికీలోంచి బజారు వైపు చూసింది.

"వాళ్లింకా అక్కడే ఉన్నారు ఫాదర్. పిలవమంటారా?"

ఫాదర్ ఆమె పదవి కాగితం ముందుకు లాక్కుని, సంతకానికి కలం అందుకున్నాడు.