పసుపునీళ్ల ముందు సోడియం

నేను ఒక లోహాన్ని. పేరు సోడియం. లోహమంటే గట్టిగా ఉండాలి, నీళ్లలో మునగాలి అనుకుంటారు మనుషులు. నన్ను చాకుతో అరటిపండు కోసినట్టు కోయొచ్చు. నీళ్లలో వేస్తే తేలుతాను, కానీ ఎంతోసేపు తేలను, భగ్గుమంటాను. అందుకే నన్ను కిరోసిన్ సీసాలో దాచారు. పుట్టినప్పటి నుంచీ నాకు నీళ్లంటే చచ్చేంత భయం.

కరిగించిన ఉప్పులోకి కరెంటు పంపితే పుట్టాను. అప్పటిదాకా నాతో కాపురం చేసిన క్లోరిన్ అలోహం, ఎలక్ట్రాన్లు పుచ్చుకునే రకం. మా లోహాలది ఇచ్చే చెయ్యి. నాది మరీ దుబారా. నీటిచుక్క తగిలితే చాలు, ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసి తగలబడతాను. ఫ్యాక్టరీ నుంచి కొట్టుకి, కొట్టు నుంచి విజయనగరం వైపు ఒక హైస్కూలు ల్యాబుకి చేరాను.

పక్క సీసాలో గంధకం ఉంటుంది. సుత్తితో కొడితే అది పొడైపోతుంది, నేను సాగుతాను. దాంట్లోంచి కరెంటు పోదు, నాలోంచి పోతుంది. వాహిదా టీచర్ ఈ తేడాలు చెబుతుంటే అటెండరు సింహాద్రమ్మ గుమ్మంలో నిలబడి వినేది. కానీ బెల్లు కొట్టేదీ ఆవిడే. పాఠం చివర నీళ్ల సంగతి వచ్చేసరికి ఆవిడ బెల్లు దగ్గర ఉండేది.

దసరా సెలవులిచ్చే ముందే ల్యాబులో ఆయుధపూజ పెట్టుకున్నారు. సింహాద్రమ్మ రాగి రేకులు, ఇనప స్టాండ్లు, పటకార్లు చింతపండుతో తోమి, తుడిచి, పళ్లెంలో పేర్చి, పూయడానికి గిన్నెలో పసుపునీళ్లు కలిపింది. గంధకాన్ని మాత్రం ముట్టుకోలేదు. "నువ్వు లోహానివి కావు గదా, కూకో" అని నా సీసా మూత తీసింది. "దీన్నెవులూ పట్టించుకోరు పాపం. ఇదీ లోహమేనని టీచరమ్మ సెప్పింది."

పటకారుతో నన్ను పైకి తీసి, పాతగుడ్డతో కిరోసిన్ తుడిచి, పళ్లెంలో పెట్టింది. భయమేసింది. నా చావు గురించి కాదు. పసుపునీళ్లలో ముంచిన వేలు నా మీదికి వస్తోంది. ఆవిడ కళ్లు నాకు జానెడు దూరంలో ఉన్నాయి. నేను అంటుకుంటే ఆ వేలు, ఆ కళ్లు ఏమైపోతాయి? అరుద్దామంటే నాకు నోరు లేదు. వద్దు వద్దనుకున్నా నా గుణం నా మాట వినదు.

వేలి చివర నుంచి ఒక చుక్క జారి నా అంచున పడింది. చుయ్‌మంటూ మంట లేచింది.

"సింహాద్రమ్మా! చెయ్యి తీసెయ్!"

వాహిదా టీచర్ పరుగెత్తుకొచ్చి ఆవిడ భుజం పట్టి వెనక్కి లాగింది. చుక్క చిన్నది కాబట్టి మంట చప్పున ఆరింది. టీచర్ నన్ను పటకారుతో కిరోసిన్‌లో పడేసి, ఆవిడ వేళ్లన్నీ తిప్పి తిప్పి చూసింది. ఒక్కటీ కాలలేదు.

"లోహమే అన్నారు గదమ్మా!" సింహాద్రమ్మ గొంతులో ఏడుపు.

"లోహమే. కానీ నీళ్లు తగిలితే మండిపోతుంది. ఆ మాట చెప్పేసరికి నువ్వు బెల్లుకి వెళ్లిపోతావు."

పూజ సగంలో ఆపకూడదని సింహాద్రమ్మ పట్టుదల. చెయ్యి కొంగుకి తుడిచి, మళ్లీ తుడిచి, పొడి కుంకుమ తీసుకుని నా సీసా మీద బొట్టు పెట్టింది. మధ్యలో గాజు ఉన్నా, ఆ వేలు దగ్గరకొస్తుంటే లోపల నేను గజగజలాడిపోయాను. ఆవిడా బొట్టు పెట్టీ పెట్టగానే వేలు వెనక్కి లాక్కుంది.

"తల్లీ, నా జోలికి రాకు" అంటూ దణ్ణం పెట్టింది.

నేను ఆవిడతో చెప్పుకోవాలనుకున్నదీ ఆ మాటే.