మోకాలు బాగానే ఉంది

కట్టు మూడో చుట్టు తిప్పుతుండగా బయట ఎవరివో అడుగుల చప్పుడైంది. వెండెల్ క్రౌచ్ గబుక్కున ప్యాంటు కిందికి లాగేసుకుని, స్నానాల గదిలో బల్ల మీద ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. వచ్చినవాడు చేతులు కడుక్కుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. వెండెల్ మళ్ళీ ప్యాంటు పైకి జరిపి మిగిలిన కట్టు బిగించాడు. కుడి మోకాలి చిప్ప కింద నీరు చేరి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒళ్ళులా వేడిగా ఉంది.

ఏప్రిల్ నుంచీ రోజూ ఇదే తంతు. జట్టు వైద్యుడి గది పది అడుగుల దూరంలోనే ఉంది. అందులో ఐసు ఉంది, మందు ఉంది, మంచం కూడా ఉంది. వెళ్ళి అడిగితే కాదనేవాడు లేడు. కాకపోతే అడిగినవాడి పేరు కాగితం మీదికెక్కుతుంది. ఇరవయ్యేళ్ళవాడి మోకాలు వాస్తే అయ్యో అంటారు. ముప్పై ఒక్కేళ్ళవాడి మోకాలు వాస్తే ఇంకొకణ్ణి వెతుక్కుంటారు. పదకొండేళ్ళుగా బేస్‌బాల్ తప్ప ఇంకో పని ఎరగని మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అది పెద్ద జట్టుకి ఒక్క మెట్టు కింద ఉండే జట్టు. ఇండియానాలో, మొక్కజొన్న చేల మధ్య ఊరు. పెద్ద జట్టులో ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే ఇక్కడి నుంచి ఒకణ్ణి పైకి పిలుస్తారు. వెండెల్‌ని అలా ఒకసారి పిలిచారు. తొమ్మిది రోజులున్నాడు. ఏడు సార్లు బ్యాటు పట్టాడు. ఒక్కటీ తగల్లేదంటే అబద్ధం, ఒకటి గట్టిగానే తగిలింది, గోడ దగ్గర ఎవడో గెంతి పట్టుకున్నాడు. అది జరిగి ఆరేళ్ళయింది. ఆ గెంతినవాడు ఇప్పటికీ అప్పుడప్పుడు కల్లోకి వస్తుంటాడు.

ఆ రోజు జూలై ఆఖరు. సాయంత్రం ఆరు గంటల దాకా జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవచ్చు, ఆరు దాటితే ఆ ఏడాదికి తలుపులు మూసుకుంటాయి. అందుకని పొద్దున్నించీ లాకర్ల గదిలో పాతిక మందీ ఫోన్లలోకి తలలు దూర్చి కూర్చున్నారు. మేనేజరు గార్జా గది తలుపు కిర్రుమన్నప్పుడల్లా పాతిక తలలూ లేస్తున్నాయి. వెండెల్ తల అందరికంటే ముందు లేస్తోంది.

గొడవంతా అవుట్‌ఫీల్డ్ దగ్గరే. దూరంగా కొట్టిన బంతుల్ని పట్టడానికి అక్కడ ముగ్గురే నిలబడతారు. ఈ జట్టులో ఆ పని చెయ్యగలవాళ్ళు ఆరుగురున్నారు. అందులో అయిదుగురు మీసం సరిగా రానివాళ్ళు, గుర్రాల్లా పరిగెత్తేవాళ్ళు, పేర్లు రోజూ పేపర్లో పడేవాళ్ళు. ఆరోవాడు వెండెల్. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? ఆ అయిదుగురిలో ఒకణ్ణి ఇవాళ ఎక్కడికైనా పంపేస్తే కాస్త చోటు ఖాళీ అవుతుంది. సెప్టెంబరులో ఆటలు ముగిసేదాకా అతనికి ఢోకా ఉండదు.

పొద్దున్నే మిస్సోరీ నుంచి భార్య మార్నీ ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు ఏడో నెల. ఆసుపత్రి బీమా అంతా జట్టు పేరు మీదే.

"డాక్టరుకి చెప్పు వెండెల్, మోకాలి సంగతి" అంది. "దెబ్బ తగిలినవాణ్ణి నయమయ్యేదాకా తీసెయ్యకూడదని రూలుందిగా. నువ్వేగా చెప్పావు."

"ఉంది."

"మరింకేంటి నీ బాధ? కుంటుకుంటూ మెట్లెక్కడం నేను చూళ్ళేదనుకున్నావా?"

"ఇవాళ ఒక్కరోజు చూద్దాం. ఆ కుర్రాళ్ళలో టానర్‌నో యోర్డీనో అమ్మేస్తారంటున్నారు."

"వాళ్ళని కాకపోతే?"

"ఆటకి టైమయింది" అన్నాడు. ఆటకింకా మూడు గంటలుంది.

అయినా కట్టు కట్టుకున్నాక వైద్యుడి గది దాకా వెళ్ళాడు. గడప మీద నిలబడ్డాడు. వైద్యుడు తలెత్తి, "ఏం కావాలి?" అన్నాడు. చెప్పేస్తే కాన్పు దాకా బీమా ఉంటుంది. కాని మోకాలు చెడిందన్న కబురు ముప్పై జట్లకీ చేరుతుంది, మళ్ళీ ఎవరూ పిలవరు. మిగిలేది బావమరిదితో కలిసి ఇళ్ళ కప్పులు వేసే పని. చలికాలాల్లో చేస్తూనే ఉన్నాడు, చెడ్డ పనేం కాదు. అయితే ఆ నిచ్చెన ఎక్కేటప్పుడల్లా ఇది నాలుగు నెలలేలే అనుకుంటూ ఎక్కుతాడు. నాలుగు నెలలు కాదు, ఎప్పటికీ అనుకుంటూ ఎక్కడం అతని వల్ల కాదు.

"టేపు చుట్ట ఒకటి ఇస్తావా? బ్యాటుకి" అన్నాడు.

గోడకి అంటించిన, ఆ రోజు ఆడేవాళ్ళ పట్టీలో వెండెల్ పేరుంది. టానర్ పేరు లేదు, యోర్డీ పేరు లేదు. బేరం నడుస్తున్న సరుకుని ఎవరూ ఎండలో పెట్టరు కదా. అది చూసి వెండెల్ పొద్దున్నించీ మొదటిసారి ఊపిరి తీసుకున్నాడు.

టానర్ బిషప్ పట్టీ ముందు నిలబడి నవ్వుతున్నాడు. ఇరవై రెండేళ్ళు, దేనికీ బెదరడు. "తాతా, ఇవాళ మైదానం నీదే. మధ్యలో కునుకు తీయకు!"

"నీకు పాలు తాగే టైమయినట్టుంది, పోరా" అన్నాడు వెండెల్. నలుగురు నవ్వారు.

యోర్డీ పెరోసో మాత్రం నవ్వలేదు. వెనిజులా నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు. బంతి బ్యాటుని తాకకముందే అది ఎక్కడ పడుతుందో వాడి కాళ్ళకి తెలుస్తుంది. వచ్చి వెండెల్ పక్కన కూలబడ్డాడు.

"అన్నా, నన్ను అమ్మేస్తారంటావా? ఇక్కడ కాఫీ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. మళ్ళీ కొత్త ఊరంటే నావల్ల కాదన్నా."

"అడిగి తీసుకుంటున్నారంటే నువ్వు కావాలనేగా! సంతోషించాలి గాని ఏడుస్తారా ఎవరైనా?" అన్నాడు వెండెల్ వాడి వీపు తడుతూ.

తడుతున్నాడే గాని లోపల మొక్కుకుంటున్నది వేరు. దేవుడా, వీణ్ణి తీసుకుపోయేలా చెయ్యి. ఆ మాట మనసులో స్పష్టంగా వినబడేసరికి అతనికే సిగ్గేసింది. సిగ్గుపడి మళ్ళీ మొక్కుకున్నాడు.

ఆట పన్నెండింటికి మొదలైంది. వేసవి శిబిరాల పిల్లల్ని బస్సుల్లో తెచ్చి స్టాండ్ల నిండా కూర్చోబెట్టారు. ఒకటే అరుపులు. వెండెల్ ఎడమ వైపు నిలబడి, ఒక కన్ను బంతి మీదా, ఒక కన్ను ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ మీదా ఉంచి ఆడుతున్నాడు. డగౌట్ గోడకి ఒక ఫోన్ ఉంది. పైవాళ్ళు మాట్లాడాలంటే దానికే చేస్తారు.

మూడో ఇన్నింగ్స్‌లో బంతి ఒకటి అతని తల మీదుగా గోడ వైపు లేచింది. వెనక్కి తిరిగి పరిగెత్తాడు. గోడ దగ్గరవుతోంది. అప్పుడు తట్టింది, ఆగకుండా పోయి గోడకి గుద్దుకుంటే చాలని. అందరి ముందూ జరుగుతుంది. మోకాలు ఎప్పుడు చెడిందని ఎవరూ అడగరు. మార్నీ కాన్పు గండం గట్టెక్కుతుంది. ఇంకో మూడడుగులుందనగా కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. చెయ్యి చాపి బంతిని పట్టుకున్నాడు, ఎప్పటిలాగే శుభ్రంగా. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాళ్ళు ఎందుకు ఆగాయో అతనికి బాగా తెలుసు. భయపడ్డాడు. గుద్దుకోవడానికీ భయమే, గుద్దుకోకపోవడానికీ భయమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయిదో ఇన్నింగ్స్‌లో అతని వంతు వచ్చేలోపు, బ్యాటు పట్టుకుని, నేల మీద గీసిన వలయంలో నిలబడ్డాడు. అప్పుడే డగౌట్‌లో ఫోన్ మోగింది. గార్జా ఎత్తాడు. రెండు మాటలు విన్నాడు, పెట్టేశాడు. మెట్ల దాకా వచ్చి, "వెండెల్! లోపలికి రా. యోర్డీ, నువ్వు వెళ్ళు" అన్నాడు.

డగౌట్ డగౌటంతా లేచింది.

జూలై ఆఖరున, ఆట మధ్యలో, దెబ్బా గిబ్బా ఏమీ లేకుండా ఒకణ్ణి వెనక్కి పిలిచారంటే అర్థం ఒక్కటే. వేరే జట్టు కొనుక్కుంది. సరుకు చేతులు మారేలోపు గీత పడకూడదని ఆట ఆపించేస్తారు. అలాంటివాణ్ణి వరసగా కౌగలించుకుని పంపడం ఆటగాళ్ళ ఆనవాయితీ. వెండెల్ పదకొండేళ్ళలో ఎంతమందిని అలా పంపాడో. అతన్ని మాత్రం ఎవరూ ఎప్పుడూ కౌగలించుకోలేదు.

బ్యాటు రెయిలింగుకి ఆనించి మెట్లు దిగాడు. టానర్ అతన్ని అమాంతం పైకెత్తేశాడు. "తాతని ఎవడో అడిగాడ్రోయ్! తాతకి గిరాకీ వచ్చింది!" ఒకడు జుట్టు చెరిపాడు, ఒకడు వీపు మీద చరిచాడు. యోర్డీ మైదానంలోకి పరిగెత్తబోతున్నవాడు ఆగి, వెనక్కొచ్చి, రెండు చేతులా వాటేసుకున్నాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. "మంచి జరిగిందన్నా నీకు. నీకే జరగాలి" అన్నాడు.

ఎవరికో తను కావాలి. ఎక్కడో ఒక బల్ల చుట్టూ కూర్చున్న పెద్దమనుషులు వెండెల్ క్రౌచ్ అన్న పేరు నోటితో పలికారు. అడగాలనిపించింది, ఏ ఊరని. ఏ ఊరైతేనేం! లోపలికి నడుస్తుంటే మోకాలి నొప్పే తెలియలేదు. భయం లేకుండా నడవడం ఎలా ఉంటుందో మర్చిపోయాడు. ఇలా ఉంటుందన్నమాట.

ఆట బాధ్యత కోచ్‌కి అప్పజెప్పి గార్జా వెనకే వచ్చాడు. గదిలో తలుపు మూశాడు. ఎదుటి కుర్చీ చూపించాడు.

"పైన కొత్తగా ఒక అవుట్‌ఫీల్డర్ని కొన్నారు. అక్కడున్నవాణ్ణి ఇక్కడికి దింపుతున్నారు" అన్నాడు. "వాడికి చోటు కావాలి."

వెండెల్ తలూపాడు. నవ్వింకా మొహం మీదే ఉంది. "నన్నెక్కడికి?"

గార్జా బల్ల మీదికి చూశాడు. "ఎక్కడికీ కాదబ్బాయ్. నిన్ను వదిలేస్తున్నారు."

గోడ అవతల పిల్లల కేకలు మిన్నుముట్టాయి. యోర్డీ గట్టిగా కొట్టినట్టున్నాడు.

"మరి ఆట మధ్యలో ఎందుకు పిలిచారు, స్కిప్పర్?"

"నీకు దెబ్బ తగిలితే వదలడానికి ఉండదుగా. అందుకు. నాకు వాళ్ళు చెప్పిందదే. అంతకంటే మంచి మాట నా దగ్గర్లేదు." ఒక కాగితం ముందుకు జరిపాడు. "సంతకం పెట్టే ముందు ఒకటడగాలి. ఒంట్లో నొప్పులేమైనా ఉన్నాయా?"

"లేవు."

ఆ మాట దానంతటదే వచ్చింది. గార్జా పెన్ను ఇవ్వలేదు. చేతిలోనే పెట్టుకుని అతని కుడి కాలి వైపు చూశాడు. ముప్పయ్యేళ్ళుగా ఆటగాళ్ళ నడక చూస్తున్నవాడు.

"ఇంకోసారి అడుగుతున్నా. తొందరేం లేదు, ఆలోచించి చెప్పు. మోకాలు ఎలా ఉంది?"

అర్థమైంది. గార్జా తలుపు తెరిచి పట్టుకుని, రారా బాబూ అంటున్నట్టే. ఒక్క మాట చాలు. కాన్పు గడుస్తుంది. బీమా ఉంటుంది. మార్నీ మొహం కళ్ళ ముందు కదిలింది. దాని వెనకే గోడ గడియారం కనబడింది. ఒకటీ నలభై. ఆరింటికింకా చాలా టైముంది. ఎవరైనా పిలవచ్చు. ఆ కాగితం మీద మోకాలని రాసి ఉంటే మాత్రం పిలవరు.

"బాగానే ఉంది స్కిప్పర్. ఎప్పుడూ బాగానే ఉంది."

గార్జా ఇంకాసేపు చూసి, పెన్ను ఇచ్చాడు.

గదిలోంచి వచ్చేసరికి ఇన్నింగ్స్ ముగిసినట్టుంది, టానర్ నీళ్ళకని లోపలికి వచ్చాడు. "తాతా, ఎక్కడికి? చెప్పు చెప్పు!"

"పడమటి వైపు" అన్నాడు వెండెల్, సంచీలో బూట్లు కుక్కుతూ. "ఇంకా ఖాయం కాలేదు."

"సముద్రం పక్కనా? అదృష్టవంతుడివి! రేపు వార్తల్లో చూస్తాం."

"చూడండి" అన్నాడు.

ట్రక్కులో కూర్చుని, తలుపులు మూసుకుని, మార్నీకి ఫోన్ చేశాడు. చెప్పాడు. ఆమె మెల్లిగా అడిగింది.

"మోకాలి సంగతి చెప్పావా?"

"వాళ్ళడగలేదు" అన్నాడు.

ఊరి చివర పెట్రోలు బంకు పక్కన ట్రక్కు ఆపుకుని కూర్చున్నాడు. అక్కడైతే సిగ్నలు బాగా వస్తుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు, పైకి కనబడేలా. మూడయింది, నాలుగున్నరయింది. చేలలోంచి వేడిగాలి కొట్టింది. ఆరు దాటి నిమిషమయ్యాక, పది నిమిషాలయ్యాక కూడా చూస్తూనే ఉన్నాడు. ఆరున్నరకి బండి స్టార్ట్ చేశాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా మోకాలు పోటు పెట్టింది. ట్రక్కులో ఎవరూ లేరు కాబట్టి మొదటిసారి గట్టిగా అమ్మా అన్నాడు.

ఆ పాటికి మైదానం ఖాళీ అయింది. బస్సులు వెళ్ళిపోయాయి. పనివాళ్ళు గొట్టాలతో మట్టి తడుపుకుంటూ డగౌట్ దాకా వచ్చారు. ఎవరి బ్యాట్లు వాళ్ళు తీసుకుపోయారు. ఒక్కటి మాత్రం రెయిలింగుకి ఆనించి అలాగే ఉంది, కొత్త టేపు చుట్టి, బంతి తగిలిన మచ్చ ఒక్కటీ లేకుండా.