ఆనరబుల్ ఎక్కిన బస్సు

మా టీచర్ ట్రైనింగ్ కాలేజీ పట్నానికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, పెండలం చేల మధ్య ఉంటుంది. దాని బస్సు పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను. పోయిన ఫిబ్రవరిలో తుపాకులవాళ్లు ఆ దారిలో బస్సు ఆపి నలుగురు పిల్లల్ని అడవిలోకి తీసుకుపోయారు. ఇరవై రోజులకు నలుగురూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ముగ్గురు చదువు మానేశారు. కషిమానా అనే అమ్మాయి మాత్రం వారం తిరక్కుండా వచ్చి బస్సెక్కింది.

ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక బిల్లు తయారుచేసింది. భద్రత కోసమని చెప్పి మా కాలేజీని మూసి రాష్ట్ర రాజధానిలోని కాలేజీలో కలిపేస్తారట. దాన్ని సభలో పెట్టాల్సింది మా శాసనసభ్యురాలు ఆనరబుల్ ఇవెరెన్ అగ్బెర్. ఉన్నత విద్య కమిటీకి ఆమే అధ్యక్షురాలు. ఆ మాట పిల్లలకు నచ్చజెప్పడానికి ఒకరోజు కాలేజీకి వచ్చింది. వెనకాల ఇద్దరు పోలీసులు.

భోజనాల హాల్లో ఆమె మాట్లాడుతుంటే కషిమానా లేచింది.

"ఆనరబుల్, అడవిలో వాళ్లు మాతో ఏమన్నారో తెలుసా? మీ కాలేజీ మూయించి తీరతామన్నారు. ఇప్పుడు మీరు చేస్తున్నదీ అదేగా!"

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆవిడకేం భయం? ఇద్దరు పోలీసులున్నారుగా!"

హాలంతా నవ్వింది. ఇవెరెన్ నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆ ఇద్దరు పోలీసుల్నీ కాసేపు చూసింది. చేతిలో కాగితం మడిచి వెళ్లిపోయింది.

బిల్లు సభకు వచ్చిన రోజు ముప్పైమంది పిల్లల్ని నేనే బస్సులో తీసుకెళ్లాను. పైన గ్యాలరీలో కూర్చున్నాం. ఇవెరెన్ లేచి, కాలేజీ మూయొద్దని, దాని చుట్టూ గోడ కట్టాలని, గేటు దగ్గర పోలీసు ఔట్‌పోస్టు పెట్టాలని, బస్సుకు కాపలా ఇవ్వాలని చదవడం మొదలుపెట్టింది.

"ఆనరబుల్, మేమిచ్చిన కాగితం చదవండి," అన్నాడు స్పీకర్.

"చదివానండీ. నచ్చలేదు."

స్పీకర్ మైకు ఆపించాడు. కానీ ఆమె పద్నాలుగేళ్లు ఊరి బడిలో తొంభైమంది పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. ఆ గొంతుకు మైకు అవసరం లేదు, దేశ రాజధాని అబూజా దాకా వినిపిస్తుంది. చివరి వాక్యం దాకా చదివే కూర్చుంది. ఆ సాయంత్రమే కమిటీ పదవి ఊడింది. బిల్లు మీద ఓటింగ్ నెల తర్వాతకు వాయిదా పడింది.

ఈ గొడవలో కాపలా వస్తుందో రాదో తేలక పిల్లల్లో భయం ఇంకా పెరిగింది. బస్సు సగం ఖాళీగా పోతోంది. ఒక సోమవారం పొద్దున పట్నం బస్టాండులో నేను బండి తీయబోతుంటే ఇవెరెన్ చేతిసంచితో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆమె కాపలా పోలీసుల్లో ఒకడు, సార్జెంట్ దన్‌లాడీ, పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, కారు అక్కడుంది!"

"కారుకివాళ సెలవు. మీ డ్యూటీ కారుకా, నాకా?"

"మీకే మేడం."

"మరింకేం, ఎక్కండి."

ఇద్దరూ తుపాకులతో సహా ఎక్కారు. వెనక పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి రోజూ రెండు పూటలా ఆమె మా బస్సులోనే. ఆమెతో పనున్నవాళ్లు బస్సులోకే వచ్చేవాళ్లు. అర్జీలన్నీ ఒళ్లో పెట్టుకుని సంతకాలు చేసేది. రెండో వారానికి బస్సులో సీటు దొరకడం కష్టమైంది.

మూడో వారం దన్‌లాడీ తల వంచుకుని ఒక ఉత్తర్వు తెచ్చి ఇచ్చాడు. పైనుంచి వచ్చిందట, ఆమెకు కాపలా రద్దు.

"నీ తప్పేముంది నాయనా, వెళ్లు," అని ఆమె మళ్లీ బస్సెక్కింది.

"అమ్మా, ఇవాళొక్కరోజు మానుకుందాం," అన్నాను.

"భయమైతే లే. నేను నడుపుతా."

"మీకు నడపడం వచ్చా?"

"రాదు. అందుకే నువ్వు నడుపు."

బస్సంతా గొల్లున నవ్వింది. ఒక్కరూ దిగలేదు. కషిమానా లేచొచ్చి ఆమె పక్కన కూర్చుంది. బండి తీశాను. ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ అందరూ కిటికీల్లోంచి చెట్ల వైపే చూశారు. కాలేజీ గేటు కనిపించాక మాత్రం పిల్లలు పాటలతో టాపు లేపేశారు.

ఈ సంగతి తెలిసి, మర్నాడు పక్క నియోజకవర్గం సభ్యుడు తన కాపలావాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "మా అమ్మాయీ ఈ కాలేజీలోనే చదువుతోంది. నన్ను ఎక్కనిస్తారా?" అన్నాడు. ఆ వారం చివరికి ఇంకో ఇద్దరు సభ్యులు తోడయ్యారు. ఓటింగుకు ముందురోజు ప్రభుత్వం బిల్లు వెనక్కి తీసుకుంది. కారణం చెప్పలేదు. జూన్‌లో పరీక్షలు మా కాలేజీలోనే జరిగాయి. కషిమానా కూడా రాసింది. గోడకు పునాది తవ్వారు గానీ పోలీసు ఔట్‌పోస్టు ఇంకా రాలేదు.

మొన్న పార్టీ పెద్ద ఒకాయన బస్టాండుకు వచ్చి కిటికీలోంచి ఇవెరెన్‌ను పిలిచాడు. "స్పీకర్‌కు క్షమాపణ చెప్పమ్మా. లేకపోతే వచ్చే ఎన్నికల్లో నీకు టికెట్ లేదంటున్నారు."

"బస్సు కదిలే టైమైంది. చెప్పేదేదో ఎక్కి చెప్పండి," అంది ఆమె.

ఆయన రోడ్డు వైపు చూశాడు, ఎక్కలేదు. నేను గేరు వేశాను.