రెండు దాటిన గాలి

స్టారా జగోరా స్టేడియంలో రలిత్సా ఇసుకలోంచి లేచేసరికి జనం ఒకటే అరుపులు. పదమూడు మీటర్ల ఎనభై ఆరు! ట్రిపుల్ జంప్‌లో యూరప్ పోటీలకు వెళ్లడానికి పదమూడు ఎనభై చాలు. అందుకు ఇవాళే ఆఖరి అవకాశం. ఆమె రెండు చేతులూ పైకెత్తింది. అంతలో బోర్డు మీద గాలి వేగం పడింది. సెకనుకు రెండు పాయింట్ ఒకటి మీటర్లు.

వెనక నుంచి తోసే గాలి రెండు దాటితే ఆ జంప్ యూరప్‌కు చెల్లదు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. కానీ ట్రాక్ పక్కన గాలి మీటరు ముందు కూర్చున్నది ఎవరో కాదు, కన్నతండ్రి త్రయాన్. ఆమె నేరుగా ఆయన మీదికే వెళ్లింది.

"మీటరు ఎంత చూపించింది నాన్నా? నిజం చెప్పు."

"రెండు పాయింట్ సున్నా ఒకటి."

"మరి రెండు పాయింట్ ఒకటని ఎందుకేశావ్?"

"రెండు మీద ఏ కాస్త ఉన్నా పై అంకే వెయ్యాలి. ఐదు సెకన్ల సగటు తీసి అలాగే రాస్తారు. నీకు తెలీదా?"

"వెంట్రుకవాసి! కన్నకూతురి కోసం ఆ వెంట్రుక కనపడకుండా పోలేదా నీ కళ్లకి? కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చోవాల్సింది!"

"వెయ్యబుద్ధి కాలేదే తల్లీ. అయినా వేశాను."

ఆ మాటకి ఆమెకు ఒళ్లు మండిపోయింది. తల్లి పోయాక వండి పెట్టినవాడు, చలికాలం పొద్దున్నే లేచి తన పరుగు కోసం మంచు ఎత్తిపోసినవాడు, ఈయనేనా? అంత చేసిందీ ఇలా నీళ్లపాలు చెయ్యడానికా? ఆ మంటతోనే ఆఖరి జంప్‌కు పరుగెత్తింది. అప్పటికి గాలి ఆగిపోయింది. పదమూడు అరవై రెండు. యూరప్ ఆశ అక్కడితో సరి.

బూట్లు విప్పి విసిరికొడుతుంటే పోటీల రిఫరీ బోజిదార్ పొద్దుతిరుగుడు గింజలు నములుకుంటూ వచ్చాడు.

"మీ నాన్నకి బుద్ధుందా అమ్మాయ్? మేమంతా కావాలనే అటు తిరిగి నిలబడ్డాం. రెండని వేసి పారేస్తే అడిగేవాడెవడు? పోయినేడు బుర్గాస్‌లో నేను మీటరు దగ్గర కూర్చున్నప్పుడు నీకు వెయ్యలేదూ?"

పోయినేడు బుర్గాస్‌లో ఆమె దూకింది పదమూడు డెబ్బై ఏడు. ఆమె పేరు మీద రాసి ఉన్న వాటన్నిటిలో అదే పెద్దది. జాతీయ జట్టు చొక్కా వచ్చిందీ దానితోనే.

"అప్పుడు గాలి ఎంత?"

"రెండు చిల్లర. వదిలెయ్ ఇంక."

రలిత్సా అతని కాలరు పట్టుకుంది. గింజలన్నీ నేలపాలయ్యాయి.

"ఎంత చిల్లర? చెప్పు!"

"నాకేం గుర్తు? రెండేంటి, మూడో, మూడున్నరో ఉంటుంది! నీ మేలు కోరి చేస్తే నా మీద పడతావేంటి, పిచ్చిదానా?"

త్రయాన్ పరుగున వచ్చి ఆమె వేళ్లు విడదీశాడు. ఆమె ఆయన చేతినీ విదిలించి కొట్టింది. ఈ మనిషి మీద కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు. అయినా అడగడానికి ఇంకెవరూ లేరు.

"నాన్నా, నేను అసలు ఎంత దూకగలను?"

ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"పదమూడు అరవై రెండు," అన్నాడు.