సైన్యం బొమ్మకు మేం పలికిన మాట

జపాను ఏలుతున్న మా కొరియాలో, గున్‌సాన్ రేవులోని ఒకుదైరా దొర బియ్యం మిల్లు గేటు దగ్గర, గురువారం పనులు విడిచే వేళ, మేస్త్రీ మాతో పనిచేసే ఓక్‌దాన్ నోట్లో రెండు వేళ్లు పెట్టి దవడ ఊడేలా తెరిచాడు. నాలుక కింద నాలుగు పచ్చి బియ్యపు గింజలు దొరికాయి. ఆమెకు ఏడో నెల. ఆ గింజల్ని ఆమె అరచేతిలోనే ఉమ్మించి, వరసలో ఉన్న రెండొందల మందికీ చూపించుకుంటూ నడవమన్నాడు. ఆమె నడిచింది. నా ముందుకొచ్చినప్పుడు నేను తల వంచుకున్నాను. ఆ తల వంచుకోవడం ఇప్పటికీ నన్ను కాలుస్తుంది.

మేమంతా ఏరేవాళ్లం. రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరి మేం తెల్లగా చేసిన బియ్యం ఓడలెక్కి పోయేది. మా కుండల్లో మంచూరియా కొర్రలు ఉడికేవి. శుక్రవారం ఒక్కరూ చాట ముందు కూచోలేదు. మా నోళ్లలో చెయ్యి పెట్టకూడదు, ఆ మేస్త్రీ పోవాలి. మేం అడిగింది అంతే.

శనివారం యజమాని కబురు పంపాడు. ఆదివారం సినిమా హాల్లో పగటి ఆటకి మా అందరికీ ఉచితంగా సైన్యం బొమ్మ చూపిస్తాడట. మంచూరియాలో జపాను సేన గెలుపు. ఆట అయ్యాక తలుపు దగ్గర, సమ్మె మానేస్తామన్న కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లకి సోమవారం పని. వెయ్యనివాళ్లకి ఈ రేవులో ఏ మిల్లులోనూ పని ఉండదు.

సముద్రం వెనక్కి తగ్గిన బురదలో ఆల్చిప్పలు తవ్వుకుంటూ వాదించుకున్నాం. మాలో అందరికన్నా కోపిష్టి సున్‌నిమ్. ఆ గడప తొక్కితే లొంగినట్టేనంది. హాల్లో పొయ్యి ఉంటుంది, పిల్లలకి కాసేపు చలి తప్పుతుందని ఇంకొకామె గొణిగింది. భూమి పోయి పల్లె విడిచొచ్చిన పేక్ పెద్దమ్మ నడుం నిలబెట్టి అంది: "బొమ్మ చూస్తే కళ్లేం పోవే. అందరం పోదాం. బొటనవేలు మాత్రం ఇంట్లో పెట్టి రండి."

హాలు నిండింది. తెర పక్కన, మాటలు రాని బొమ్మకు మాట చెప్పే కు సాంగ్‌హ్వాన్ నిలబడ్డాడు. ప్రేమకథలకు మమ్మల్ని లంగా అంచులు తడిసేలా ఏడిపించినవాడు. అందరూ ఎరిగిన పిరికివాడు కూడా. వెనక ఎత్తు కుర్చీలో ఇనస్పెక్టరు, చేతిలో ఈల. మాటగాడు స్టేషను ముద్ర పడిన కాగితంలోని మాటే పలకాలి. తప్పితే ఒక ఈల. మళ్లీ తప్పితే రెండో ఈల, ఆపైన లాకప్పు.

తెర మీద మంచు. గుర్రం మీద జనరల్. వంతెన దగ్గర గుర్రం మొరాయించింది. కొట్టాడు. అది గిర్రున తిరిగి మాకు తోక చూపించింది. సాంగ్‌హ్వాన్ కాగితం చూసి గంభీరంగా చదివాడు: "మన సేన వెనుదిరగడం ఎరుగదు." ఎక్కడో ఒక నవ్వు పుట్టి గుడ్డ చిరిగినట్టు హాలంతా పాకింది. ఈల వెయ్యడానికి లేదు, వాడు చదివింది ముద్ర పడిన మాటే.

తరవాత బండ్ల మీంచి మూటలు దింపుతున్నారు. మూటల మీద మా మిల్లు గుర్తు. "కొరియా ఆడపడుచులు తాము పస్తులుండి, నవ్వుతూ పంపిన బియ్యం" అని సాంగ్‌హ్వాన్ చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏరిన బియ్యం నింపి మా చేతులే మడిచి కుట్టిన మూటలవి. ఆ కుట్లలో మా గోళ్లు విరిగాయి.

తరవాత కుర్ర సిపాయిలు వరసగా నిలబడి ఉన్నారు. సైన్యం డాక్టరు ఒక్కొక్కడి దవడ పట్టుకుని నోట్లో వేళ్లు పెట్టి చూస్తున్నాడు. సాంగ్‌హ్వాన్ కాగితం చూశాడు, మమ్మల్ని చూశాడు, కాగితం మడిచేశాడు.

"వీళ్లూ బియ్యం నమిలినట్టున్నారు, మేస్త్రీ వచ్చాడు" అన్నాడు.

ఈల. అయినా ఆగకుండా, ఈ మేస్త్రీకి జీతమిచ్చే దొర ఎవరో కనుక్కోండని అన్నాడు. రెండో ఈల. పోలీసు జవాన్లు మెడ పట్టి ఈడ్చుకుపోయారు.

బొమ్మ ఆడించే మిషను ఆపమని ఇనస్పెక్టరు అరవబోయాడు. సరిగ్గా అప్పుడే తెర మీదకి చక్రవర్తి ఇచ్చిన పటాలం జెండా వచ్చింది. జెండా మీద దీపం ఆర్పడం ద్రోహం. మిషను నడిపేవాడు టోపీ తీసి నిలబడ్డాడు. ఇనస్పెక్టరూ నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. ఆ జెండా ఎంతకీ కదలదు, ఆయన చెయ్యీ దిగదు.

ఆ సందులో ఓక్‌దాన్ లేచింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా, మాటగాడు వదిలిన చోటి నుంచి అందుకుంది.

"ఆ పిల్లల చేతులు చూడండమ్మా. నాగలి పట్టిన చేతులు. వాళ్ల నోరు తెరిపించినోడూ మన నోరు తెరిపించినోడూ ఒకడే. వాళ్ల చేతిలో తుపాకీ పెట్టి మన మీదకి తిప్పాడు."

ఆట విడవగానే ఓక్‌దాన్‌ని మధ్యలో పెట్టుకుని అందరం బయటికొచ్చాం. తలుపు దగ్గర సిరా పళ్లెం నిండుగానే ఉండిపోయింది. ఒక్క వేలూ దాన్ని తాకలేదు.

సోమవారం రేవు కూలీలకి అదే బొమ్మ వెయ్యాలి. రద్దు చేశారు. మధ్యాహ్నానికి మూటలు దించే ఆ కూలీలూ మేమూ కలిసి హాలు ముందు బైఠాయించాం. మా చక్రవర్తి సైన్యం బొమ్మ మాకు చూపించండి, మాటగాడు లేకపోతే అర్థం కాదు, ఆయన్ని వదలండి అన్నాం. ఇనస్పెక్టరు ఉడికిపోయాడు. ఆ బొమ్మ చెడ్డదని తన నోటితో ఎలా అనగలడు? నిచ్చెనెక్కిన జవాను హాలు గోడ మీది జనరల్ పోస్టరు చింపుతుంటే పేక్ పెద్దమ్మ కింద నుంచి మందలించింది: "మెల్లగా నాయనా, మీ దొరగారి మీసం చిరుగుద్ది."

ఓక్‌దాన్‌ని తీసుకుపోయారు. మరో పదిమందిని తీసుకుపోయారు. అప్పుడు, గడప తొక్కొద్దన్న సున్‌నిమ్ హాలు మెట్లెక్కి, చూడని కూలీల కోసం బొమ్మ కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మంచు, జనరల్, మొరాయించిన గుర్రం. వంతెన దాకా వచ్చేసరికి ఆమెకీ సంకెళ్లు పడ్డాయి.

"గుర్రం ఎటు తిరిగింది?" అని వెనక నుంచి ఒక కూలీ అడిగాడు.

నేను లేచాను. ఈసారి తల ఎత్తే ఉంది. గుర్రం ఎటు తిరిగిందో చెప్పాను.