రెండో అంతస్తులో మగ్గం

ధర్మవరంలో మగ్గాల వీధిలోని నాలుగు పాత ఇళ్ళు కూలగొట్టి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టారు. స్థలమిచ్చిన నాలుగు కుటుంబాలకూ తలా ఒక ఫ్లాటు. వాళ్ళచేత సంతకాలు పెట్టించింది బిల్డరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న జయచంద్ర. ముగ్గురు వెంటనే పెట్టేశారు. వెంకటక్క మాత్రం పెన్ను పట్టుకుని ఆగింది.

"పైన మగ్గం పెట్టుకోనిస్తారా అప్పా? నాకు వేరే పని రాదు."

"నీ ఇంట్లో నీ ఇష్టమక్కా. అడ్డం చెప్పేదెవరు? పూచీ నాది," అన్నాడు జయచంద్ర.

రెండేళ్ళకు ఆమె రెండో అంతస్తులో చేరింది. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట తవ్వే వీల్లేదు గనుక నేలమీద నిలబెట్టే మగ్గం చేయించుకుంది. కింది ఫ్లాటు జయచంద్రే కొనుక్కున్నాడు. పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్ళు ఆ భవనంలో చాలామంది. నెల తిరక్కముందే చప్పుడు గురించి గొడవ మొదలైంది.

ఆదివారం మిద్దెమీద మీటింగు పెట్టారు. బిల్డరు కూడా వచ్చాడు.

"పెట్టుకోవచ్చని ఈ జయచంద్రే చెప్పినాడు. అడగండి," అంది వెంకటక్క.

అందరూ అతనివైపు తిరిగారు. అతను బిల్డరు ముఖం చూశాడు.

"నేనట్ల చెప్పలేదక్కా."

వెంకటక్క కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

మూడో రోజు మగ్గం చెక్కలు భుజాన వేసుకుని మెట్ల మీద జయచంద్రకు ఎదురైంది.

"యాడికక్కా?"

"మా చెల్లెలింటికి. ఆడ రేకుల షెడ్డు ఉండాది."

చెక్కలకు సాయంగా చెయ్యి వెయ్యబోయాడు. "వద్దులేప్పా," అని పక్కకు జరిగి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా జయచంద్ర ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. సాయంత్రం అపార్ట్‌మెంటు సెక్రటరీ శంకరప్పతో అందరినీ పిలిపించాడు.

"నేనే చెప్పినా. సంతకం కోసం చెప్పినా. మొన్న అబద్ధమాడినా. సెల్లార్‌లో నా కారు పెట్టుకునే జాగా ఆమె మగ్గానికి ఇస్తాను."

ఒకరిద్దరు నవ్వారు. చివరికి సరేనన్నారు. మర్నాడు బిల్డరు అతన్ని పనిలోకి రావద్దన్నాడు.

జయచంద్ర నేరుగా ఆ షెడ్డుకు వెళ్ళి జరిగింది చెప్పాడు. వెంకటక్క మగ్గం బిగించడం ఆపకుండానే వింది.

"ఒప్పుకున్నావు, మంచిదే. ఆడికి మాత్రం నేను రాను. అంతమందిలో నన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టినావు కదప్పా."

జయచంద్ర తలవంచుకుని బయటికి వచ్చేశాడు.